టోంగాకు ఒక్క టెస్ట్ ఆడితే కెరీర్ అయిపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

న్యూజిలాండ్‌లోని దక్షిణ ఆక్లాండ్‌లో రగ్బీ కుర్రాళ్ళ కాంట్రాక్టులు, అర్హత కాగితాలు చూడటం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పసిఫిక్ ద్వీప దేశం టోంగా నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ప్రతి సీజన్‌లోనూ ఇదే మాట: "టోంగాకు ఒక్క టెస్ట్ ఆడాడంటే ఆల్ బ్లాక్స్ దారి మూసుకుపోయినట్టే, క్లబ్బులు కూడా తీసుకోవు." ఆల్ బ్లాక్స్ అంటే న్యూజిలాండ్ జాతీయ జట్టు, టెస్ట్ అంటే దేశాల మధ్య మ్యాచ్. ఈ పుకారు నమ్మి, టోంగా పిలిచినా వెళ్ళకుండా, రాని పిలుపు కోసం మంచి వయసంతా పోగొట్టుకున్న కుర్రాళ్ళను చూశాను. ఇంతకన్నా నష్టం చేసే అపోహ ఇంకోటి లేదు.

2022 జనవరి 1 నుంచి ఈ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ రగ్బీ రూల్ మారింది. ఒక దేశానికి ఆడినవాడు 36 నెలలు అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడకుండా ఉంటే, తను గానీ, అమ్మానాన్నల్లో ఒకరు గానీ, తాతల్లో, అమ్మమ్మ నానమ్మల్లో ఒకరు గానీ పుట్టిన దేశానికి మారొచ్చు. అదీ ఒక్కసారే, అనుమతి తీసుకుని.

మలకై ఫెకిటోవా కెరీర్ చూడండి. పుట్టింది టోంగాలోని హాపై దీవుల్లో. స్కాలర్‌షిప్ మీద న్యూజిలాండ్‌కు చదువుకు వచ్చి, 2014లో ఇంగ్లండ్‌ మీద ఆల్ బ్లాక్స్ తరఫున తొలి టెస్ట్ ఆడాడు. మరుసటి ఏడాది వరల్డ్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 24 టెస్టుల తర్వాత 2017లో ఫ్రాన్స్‌లోని టూలాన్ క్లబ్‌కు వెళ్ళాడు. 2022లో టోంగా జెర్సీ వేసుకుని, 2023 వరల్డ్ కప్ కూడా దానితోనే ఆడాడు. ఆల్ బ్లాక్స్‌కు 17 టెస్టులు ఆడిన చార్లెస్ పియుటౌ కూడా ఇలాగే మారాడు.

కానీ ఈ దారి అందరికీ రెండు వైపులా తెరిచి ఉండదు. ఫెకిటోవాకు న్యూజిలాండ్ అర్హత ఇక్కడ నివసించడం వల్ల వచ్చింది, టోంగా అర్హత పుట్టుకతో వచ్చింది. దేశం మారడానికి పుట్టుక సంబంధమే కావాలి, నివాసం చాలదు. అందుకని టోంగాలో పుట్టి, ఇక్కడ పుట్టిన పెద్దవాళ్ళెవరూ లేని అబ్బాయి ముందు టోంగాకు ఆడితే, ఆల్ బ్లాక్స్ ఆశ నిజంగానే వదులుకోవాలి. ఆక్లాండ్‌లో పుట్టినవాడికి మూడేళ్ళ విరామం తప్ప వేరే అడ్డు లేదు.

మొన్న ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి చర్చి కాగితాలు, మడతల దగ్గర చిరిగిపోయిన తన తల్లి జనన ధ్రువపత్రం ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. "వాడి జీవితం మేమే పాడుచేస్తున్నామా?" అని అడుగుతుంటే గొంతు వణుకుతోంది. ముందు అబ్బాయిది చూపించండమ్మా అన్నాను. పుట్టింది ఇక్కడే, ఆక్లాండ్‌లోని ఒటాహుహులో. సగం టెన్షన్ అక్కడే తీరిపోయింది.

క్లబ్బులు తీసుకోవన్న దాంట్లో కొంత నిజం లేకపోలేదు. సూపర్ రగ్బీ అనే క్లబ్ పోటీలో ఆడే న్యూజిలాండ్ జట్లు ఆల్ బ్లాక్స్‌కు అర్హత లేనివాళ్ళను కొద్దిమందినే పెట్టుకోగలవు. అయితే 2022లో పసిఫిక్ దీవుల ఆటగాళ్ళ కోసం మొవానా పసిఫికా అనే జట్టు అదే పోటీలోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో లెక్క చూసేది చిన్నప్పుడు ఎక్కడ శిక్షణ పొందావని, ఏ దేశానికి ఆడావని కాదు.

"క్లబ్ వదలదు" అంటారు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు కేటాయించిన తేదీల్లో వదిలి తీరాలి, అది రూల్. "వెళితే వచ్చే కాంట్రాక్టు సంగతి చూద్దాంలే" అని ఓ క్లబ్ మేనేజర్ ఒక కుర్రాణ్ణి నోటిమాటగా బెదిరించాడు. అదే రాసివ్వమని అడిగించాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

డబ్బు కోసం దేశం మారతారన్న మాట వింటే మాత్రం నాకు కోపం వస్తుంది. వేల్స్ ఆటగాడు టౌలుపే ఫలెటావు పుట్టింది టోంగాలోనే. నాన్న కులి 1999 వరల్డ్ కప్‌లో టోంగాకు ఆడాడు. నాన్న ఆట కోసం కుటుంబం వేల్స్ చేరేనాటికి ఇతను చిన్నపిల్లవాడు. పెరిగిన దేశానికి ఆడితే తప్పేముంది?

అండర్-20 ఆడితే దేశం ఖరారైపోతుందని భయపడకండి, ఇప్పుడు ఆ రూల్ లేదు. సీనియర్ సెవెన్స్ (ఏడుగురితో ఆడే రగ్బీ) జాతీయ జట్టు పిలిస్తే మాత్రం సంతకం పెట్టే ముందు కాగితాలు ఎవరికైనా చూపించండి. వయసును బట్టి, టోర్నీని బట్టి అదీ లెక్కలోకి వస్తుంది.