‘థాంక్యూ సార్’ పోస్టులు మార్కులు తెస్తాయా? మూడిల్ ఫోరంపై అపోహలు – వాస్తవాలు

పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం కాలేజీ పిల్లల్లో పరీక్షల ముందు ఒక పుకారు తిరుగుతుంది: మూడిల్ (కాలేజీలు ఆన్‌లైన్ పాఠాలకు వాడే సాఫ్ట్‌వేరు) చర్చా ఫోరంలో ఎన్ని పోస్టులు పెడితే అన్ని మార్కులట, చూసేది మెషీనేనట! ఆ రాత్రే ‘అవునండి’, ‘నాదీ అదే మాట’, ‘థాంక్యూ సార్’ వరస కట్టేస్తాయి.

అపోహ: పోస్టులు పెరిగితే మార్కులు పెరుగుతాయి.

మూడిల్ తనంతట తాను పోస్టుకు రేటింగు (మార్కు) వెయ్యదు. వేసేది టీచరు, లేదా దానికి తగిలించిన స్కోరింగు ప్రోగ్రాము. మూడిల్ పని ఆ రేటింగులను కలపడమే. అందుకు ఐదు పద్ధతులున్నాయి: సగటు, సంఖ్య (రేటింగు పడిన పోస్టులెన్ని), గరిష్ఠం, కనిష్ఠం, మొత్తం (అన్నీ కూడితే). మీ కోర్సులో ఏది పెట్టారో ముందు అడగండి. సగటు పెట్టి, ప్రతి పోస్టుకూ రేటింగు పడుతుంటే లెక్క ఇదీ: పదికి 8, 9 వచ్చిన అమ్మాయి సగటు 8.5. ఆపైన నాలుగు థాంక్యూలు పెట్టి, ఒక్కోదానికి 2 పడితే ఆరు పోస్టులకు 25, సగటు 4.17. చేతులారా సగం పోయాయి! గరిష్ఠం అయితే ఆమె 9 చెక్కుచెదరదు. సంఖ్య, మొత్తం పెట్టిన చోటే ఎక్కువ పోస్టులు కలిసొస్తాయి, అదీ ఫోరం గరిష్ఠ మార్కు వరకే.

‘రెండు జవాబులు రాయాలి’ అన్న షరతు పూర్తయిందని పడే టిక్ వేరు. అది పోస్టులను లెక్కపెడుతుంది, లోపల ఏముందో చూడదు. టిక్ పడితే మార్కు పడినట్టు కాదు.

అపోహ: తెలుగులో రాస్తే మెషీన్ లెక్కలోకి తీసుకోదు.

ఈ భయం ఉత్తిది కాదు, కానీ తప్పు రాసేవాళ్లది కాదు. పదాలు లెక్కపెట్టే ప్రోగ్రాము పైథాన్ అనే కంప్యూటర్ భాషలో మామూలు రెగెక్స్‌తో (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) పదాలు ఏరితే ‘తెలుగు’ అన్న ఒక్క మాట త, ల, గ అని మూడు ముక్కలవుతుంది. గుణింతపు గుర్తులను అది అక్షరాలుగా ఎంచదు మరి. ఒడియాకూ ఇదే గతి. ఖాళీల దగ్గర విడగొడితే లెక్క సరిపోతుంది గానీ ఇంకో చిక్కొస్తుంది: ‘చదువుకోవాలనుకుంటున్నాను’ ఒకే పదం, ఇంగ్లీషులో అదే నాలుగు. అందరికీ వంద పదాలంటే తెలుగువాళ్లకు చాకిరీ ఎక్కువ. టీచర్లూ, ఒకే జవాబును తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో రాయించి, లెక్క చూసి, భాషకో కనిష్ఠం పెట్టండి.

మిగతావి గబగబా. ప్రశ్న-జవాబు ఫోరంలో మీ జవాబు పెట్టిన వెంటనే తోటివాళ్లవి కనిపించవు. దిద్దుకునే గడువు, మామూలుగా 30 నిమిషాలు, గడవాలి. పోలేదేమోనని మళ్లీ మళ్లీ పెట్టకండి, ఆ నకళ్లకూ రేటింగు పడొచ్చు. రాయగడ వైపు సిగ్నల్ నమ్మలేనివాళ్లు ఫోన్ నోట్సులో రాసుకుని పేస్ట్ చెయ్యండి. గడువు తేదీ దాటినా పోస్టు తీసుకుంటుంది, కటాఫ్ తేదీ దాటితే తీసుకోదు.