ఒగ్బెచె గోల్సా, కట్టిమణి చేతులా?

హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. జట్టు పోయినా దాని మీద పంచాయితీ పోలేదు. కాజీపేట, హన్మకొండలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ల మధ్య పాత ప్రశ్నే మళ్లీ లేచింది: ఆరేళ్లలో ఆ జట్టు మీద ఎక్కువ ముద్ర వేసింది ఎవరు, గోల్స్ కొట్టిన ఒగ్బెచెనా, గోల్‌కీపర్ కట్టిమణా? పాతకాలపు హైదరాబాద్ కోచ్ రహీం సాబ్, ఆయన సిటీ పోలీస్ జట్టు, అది గెలిచిన రోవర్స్ కప్పుల సంగతి అందరికీ తెలిసిందే, ఇక్కడ ఎత్తడం లేదు. 2019-20లో చివరి స్థానంతో మొదలైన కథా కొత్తది కాదు.

అసలు ముడి 2022 మార్చి 20న పడింది. గోవాలోని ఫటోర్డా స్టేడియం, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టిన షాట్‌ను గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఆపాల్సింది, ఆపలేకపోయాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. ఆ తర్వాత పెనాల్టీ కిక్కుల షూటౌట్‌లో కట్టిమణి ముగ్గురి కిక్కులు ఆపాడు. నిషు కుమార్ కిక్కు ఆపితే, కట్టిమణి గోల్ లైన్ ముందే దాటాడని రెఫరీ మళ్లీ కొట్టించాడు, దాన్నీ ఆపాడు. హైదరాబాద్ 3-1తో కప్పు ఎత్తింది.

ఆ రాత్రి బరువు తెలియాలంటే 2015 డిసెంబర్ 20కి పోవాలి. అదే స్టేడియంలో, అదే ఐఎస్ఎల్ ఫైనల్లో ఎఫ్‌సీ గోవా గోల్‌పోస్టు ముందు నిలబడ్డది ఈ కట్టిమణే. గోవా 2-1తో ముందుండగా ఆఖరి నిమిషాల్లో బంతి అతని మీదుగానే సొంత గోల్‌లోకి పోయింది. ఆ వెంటనే ప్రత్యర్థి జట్టు చెన్నయిన్ ఇంకో గోల్ కొట్టి కప్పు పట్టుకుపోయింది. ఆరేళ్లు దాటాక అదే గడ్డ మీద అతనికి ఇంకో జట్టు జెర్సీలో లెక్క సరిచేసుకునే అవకాశం వచ్చింది.

బార్తొలొమ్యూ ఒగ్బెచె వర్గం అంకెలు చూపిస్తుంది: 2021-22లో 18 గోల్స్, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్, మరుసటి సీజన్‌లో ఇంకో పది. అవి లేకుంటే జట్టు ఫైనల్ మెట్టే ఎక్కేది కాదంటారు. కొట్టిపారేయలేం. కానీ ఆ ఫైనల్లో అతను గోల్ కొట్టలేదు. 2023 సెమీస్ షూటౌట్‌లో ఏటీకే మోహన్ బగాన్ మీద అతని కిక్కు పోస్టుకు తగిలింది. కోచ్ మనోలో మార్కెజ్ పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు, అది వేరే వాదన.

“ఇంతకీ ఇందులో మనోడెవడు?” అని అడిగేవాళ్లకు జవాబు ఈ జట్టులో దొరకదు. నిజామాబాద్ జిల్లా బిడ్డ గుగులోతు సౌమ్య 2024-25లో ఈస్ట్ బెంగాల్‌కు మహిళల లీగ్ టైటిల్ ఖాయం చేసిన గోల్ కొట్టింది, ఆ ఏటి దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డూ తీసుకుంది. ఈ పంచాయితీలో మాత్రం ఆమె పేరు ఎవరి నోటా రాదు.

ఒగ్బెచె వర్గం దగ్గర ఇంకో మాట ఉంది: 2023లో అతను వెళ్లాక జట్టు 8 పాయింట్లకు, ఒకే ఒక్క విజయానికి పడిపోయింది కదా అని. కానీ ఆ సీజన్‌లో వెళ్లిపోయింది అతనొక్కడే కాదు. జీతాలు అందక మధ్యలోనే ఆటగాళ్లు వరసపెట్టి వెళ్లిపోయారు, కొత్తవాళ్లను తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. జీతాలే ఇవ్వని జట్టులో ఒగ్బెచె ఉండి ఉంటే మాత్రం ఎన్నాళ్లు ఆడేవాడు?