ఉక్కలో పరుగు, అరవై దాటిన ఒళ్ళు

జులై రాగానే నెక్లెస్ రోడ్డు మీద పొద్దున్నే పరుగెత్తే పెద్దవాళ్ళ నోట ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఇక మన వల్ల కాదండీ, వయసైపోయింది." మేలో కిలోమీటరు ఏడు నిమిషాల్లో లాగించిన మనిషి, వానలు పడి వాతావరణం చల్లబడ్డాక ఇంకా హాయిగా పరుగెత్తవచ్చని ఎదురుచూస్తాడు. వాచీ మాత్రం అదే ఏడు నిమిషాలు చూపిస్తుంది, ఒక్కోరోజు ఇంకో పదిహేను సెకన్లు ఎక్కువే. ఎండలు పోయినా వేగం రాలేదంటే తప్పు వయసుదే అని తేల్చేసుకుంటాడు. ఈ లెక్క తప్పు. ఇది నమ్మి మంచి రన్నర్లు ప్రాక్టీసు మానేయడం చూశాను కాబట్టి, అసలు లెక్క ఏమిటో వివరంగా చెప్పాలనిపించింది.

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో జరుగుతుంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మొదలై, ఒకదాని తర్వాత ఒకటి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే 42.195 కిలోమీటర్లు. దానికి పదహారు నుంచి పద్దెనిమిది వారాల సాధన కావాలి. అంటే ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టాలి. రోళ్ళు పగిలే రోహిణి ఎండలు, మృగశిర జల్లులు, ఆషాఢంలో ముసురు, శ్రావణంలో ఉక్క, అన్నీ ఆ నాలుగు నెలల్లోనే దాటాలి. ప్రపంచంలో పేరున్న మారథాన్లు చాలావరకు వసంతంలోనో శరత్తులోనో, చలి వాతావరణంలో జరుగుతాయి. పారిస్, లండన్, బెర్లిన్, బోస్టన్, షికాగో, న్యూయార్క్ మారథాన్లలో 2001 నుంచి 2010 దాకా పరుగెత్తినవారి ఫలితాలను ఫ్రాన్స్ పరిశోధకులు విశ్లేషించారు. రన్నర్లు బాగా పరుగెత్తిన ఉష్ణోగ్రత దాదాపు 4 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంది. మనకు జనవరిలో కూడా అలాంటి ఉదయాలు అరుదు. కాబట్టి అక్కడి ట్రైనింగ్ ప్లాన్‌లో రాసిన వేగాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ జులైలో పెట్టుకోవడం ఒంటికి అన్యాయం చేయడమే.

ముందు వేడి సంగతి చూద్దాం. పరుగుకు కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 65 కిలోల మనిషి గంటకు 9 కిలోమీటర్లు పరుగెత్తితే దాదాపు 585 కిలోకేలరీలు. అందులో ఐదింట నాలుగు వంతులు, అంటే 470 వరకు, ఉత్త వేడిగా మారుతుంది. ఆ వేడి బయటకు పోకపోతే ఒంటి ఉష్ణోగ్రత ఏడు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతుంది. అరగంట గడిచేసరికి ప్రాణం మీదకు వస్తుంది. మనల్ని కాపాడేది చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. ఆ మనిషికి గంటకు ముప్పాతిక లీటరుకు పైగా చెమట ఆవిరి కావాలన్నమాట.

ఆవిరి కావాలి అన్నది ముఖ్యం. మోచేతి నుంచి కారి నేల మీద పడ్డ చెమట చుక్క ఒంటిని చల్లబరచదు. మట్టికుండలో నీళ్ళు ఎండాకాలం చల్లగా ఉండి, వానాకాలంలో అంతగా చల్లబడకపోవడానికి కారణమేదో, మన ఒంటికీ అదే కారణం. పరుగు అయ్యాక చొక్కా చూడండి. ఏప్రిల్ చివర్లో అది దాదాపు ఆరిపోయి, వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కడుతుంది. జులైలో అదే చొక్కా పిండితే నీళ్ళు ధార కడతాయి, బూట్లలోకి చేరిన చెమట అడుగు తీసినప్పుడల్లా చప్పుడు చేస్తుంది. జులైలో చెమట ఎక్కువ పట్టిందని అనుకుంటాం. చాలావరకు జరిగేదేమిటంటే, పట్టిన చెమట ఆరడం లేదు.

చెమట ఆరకపోతే ఏమవుతుందో 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్ చూపించింది. జులై 14న, నీడలోనే 30 డిగ్రీలు దాటిన ఎండలో పరుగు మొదలైంది. పోర్చుగల్ రన్నర్ ఫ్రాన్సిస్కో లాజారో ఎండకు చర్మం కమలకుండా ఒంటికి మైనం లాంటిది పూసుకున్నాడని చెబుతారు. అది చెమట దారిని మూసింది. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర కూలిపోయి మర్నాడు ప్రాణం వదిలాడు. అదే పందెంలో జపాన్‌కు చెందిన షిజో కనకురి వేడికి తాళలేక మధ్యలో ఆగిపోయాడు. దారిపక్క ఇంటివాళ్ళు ఆదుకున్నారు. 1967లో, 75 ఏళ్ళ వయసులో, అతను స్టాక్‌హోమ్ తిరిగి వెళ్ళి మిగిలిన దూరం పూర్తిచేశాడు.

ఫోన్‌లో కనిపించే "తేమ 90 శాతం" అన్న అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. తెల్లవారుజామున ఏ కాలంలోనైనా ఆ శాతం పగటి కంటే ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే చల్లటి గాలి కొంచెం ఆవిరికే నిండిపోతుంది. చూడవలసింది డ్యూ పాయింట్, మన పాఠ్యపుస్తకాల్లో తుషార స్థానం అని చదువుకున్నది. గాలిలో నిజంగా ఎంత ఆవిరి ఉందో అది చెబుతుంది. హైదరాబాద్‌లో మే నెల తెల్లవారుజామున 28 డిగ్రీలు, 50 శాతం తేమ అనుకుందాం. డ్యూ పాయింట్ 17 దాకా ఉంటుంది. జులైలో 23 డిగ్రీలు, 90 శాతం తేమ అయితే డ్యూ పాయింట్ 21 దాటుతుంది. థర్మామీటర్ ఐదు డిగ్రీలు దిగింది, కానీ చెమటను పీల్చుకునే శక్తి గాలికి తగ్గింది.

వేడినీ తేమనూ కలిపి కొలిచే పద్ధతి ఒకటుంది. అమెరికాలో పారిస్ ఐలాండ్ మెరైన్ శిక్షణ కేంద్రంలో కుర్రాళ్ళు వడదెబ్బకు పడిపోతుంటే 1950ల్లో దాన్ని రూపొందించారు. పేరు డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్). తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే అంకెకు అందులో 70 శాతం విలువ. మిగతాది ఎండకు, గాలి వేడికి. సూర్యోదయానికి ముందు, ఎండ లేనప్పుడు, పైన చెప్పిన మే ఉదయానికి ఇది 23కి కాస్త తక్కువ వస్తుంది, జులై ఉదయానికి 22. తేడా ఒక్క డిగ్రీ లోపే! రోహిణి వెళ్ళిపోయాక చల్లబడిందని మనసు సంబరపడుతుంది గానీ ఒంటి మీద భారం దాదాపు అంతే ఉంది. సూర్యుడు మబ్బుల్లోంచి బయటికొస్తే ఇంకా ఎక్కువ. విశాఖ బీచ్ రోడ్డు మీద మే నెలలో 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న ఉదయం ఇదే లెక్కన 26 దాటుతుంది. విశాఖ రన్నర్ హైదరాబాద్ మిత్రుడితో వేగం పోల్చుకుని చిన్నబుచ్చుకోవలసిన పనే లేదు.

ఇక గుండె. చర్మం వేడెక్కితే రక్తం అక్కడికీ వెళ్ళాలి, కాళ్ళ కండరాలకూ వెళ్ళాలి. చెమటగా నీరు పోయి రక్తం పరిమాణం కూడా తగ్గుతుంది. ఒక్కో స్పందనకు గుండె పంపే రక్తం తగ్గినకొద్దీ అది ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అందుకే ఉక్క రోజున వేగం పెంచకపోయినా గంట తర్వాత హార్ట్ రేట్ మెల్లగా పైకి పాకుతుంది. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ సుమారుగా వస్తుంది. ముప్ఫై ఏళ్ళవారికి 187, అరవై ఏళ్ళవారికి 166. ఉక్క తెచ్చిపెట్టే పది పన్నెండు అదనపు గుండె స్పందనలు కుర్రాడికి లెక్కలోకి రావు. అరవై ఏళ్ళ మనిషికి అవే ఆయాసం.

వయసు ప్రభావం లేదని నేను అనడం లేదు. స్వేదగ్రంథుల సంఖ్య తగ్గకపోయినా ఒక్కో గ్రంథి పోసే చెమట తగ్గుతుంది. చర్మానికి రక్తం చేరే జోరూ తగ్గుతుంది. ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం, కదలిక లేని జీవితంలో, పదేళ్ళకు పది శాతం చొప్పున పడిపోతుంది. గట్టిగా సాధన చేసేవారిలో ఆ తరుగు దాదాపు సగమే. కెనడా రన్నర్ ఎడ్ విట్‌లాక్ 2004లో, 73 ఏళ్ళ వయసులో, మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించాడు. 85 ఏళ్ళకు 3 గంటల 56 నిమిషాలు. ఆయన సాధన చాలా సాదాది: ఇంటి దగ్గరున్న శ్మశానవాటికలో చెట్ల మధ్య, రోజూ గంటల తరబడి, నిదానంగా చుట్లు తిరగడం. ఇంటికి దగ్గర్లో చిన్న చుట్టు పెట్టుకోవడం మన పెద్దవాళ్ళకు ఎంతో మంచిదని నేను నమ్ముతాను. ప్రతి చుట్టుకూ నీళ్ళ సీసా ఎదురవుతుంది, ఒంట్లో బాగోకపోతే ఇల్లు దగ్గర.

అన్నిటికంటే ఆశ కలిగించే విషయం, వేడికి ఒళ్ళు అలవాటు పడటం. రోజూ గంటసేపు వేడిలో చెమట పట్టేలా శ్రమిస్తే నాలుగైదు రోజుల్లోనే రక్తంలో ప్లాస్మా, అంటే ద్రవభాగం, పెరుగుతుంది. పది పద్నాలుగు రోజులకు చెమట త్వరగా మొదలై, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఏప్రిల్ చొక్కా మీది తెల్ల చారలు మే మధ్యకు పలచబడటం మీరూ గమనించే ఉంటారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కార్మికులు వేడికి చనిపోతుంటే, లోపలికి దింపే ముందు వారిని ఇలా అలవాటు చేసే పద్ధతి 1930ల్లోనే మొదలైంది. ఫిట్‌గా ఉన్న పెద్దవాళ్ళ ఒళ్ళూ ఇలా అలవాటు పడుతుంది. కానీ వేడికి దూరమైతే ఆ లాభం రోజుకు రెండున్నర శాతం చొప్పున కరిగిపోతుంది. మే, జూన్ నెలల్లో అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వచ్చే తల్లిదండ్రులు మనలో ఎందరో. న్యూజెర్సీ చల్లదనంలో చక్కగా లాంగ్ రన్‌లు చేసి, జులైలో దిగిన మర్నాడే అదే వేగం పట్టుకోబోతే ఒళ్ళు ఒప్పుకోదు. మొదటి వారం సగం దూరం, నిదానం. పోయిన అలవాటు మొదటిసారి కంటే త్వరగానే తిరిగొస్తుంది.

రోజువారీ సాధనకు నా సలహా ఒక్కటే: ఈ నాలుగు నెలలూ వాచీలో వేగాన్ని చూడకండి, శ్వాసను చూడండి. పక్కవారితో ఒక వాక్యం ఆగకుండా పూర్తిగా చెప్పగలిగితే అది ఆ రోజుకు సరైన వేగం. పొద్దున చూసిన డ్యూ పాయింట్‌ను దూరం పక్కన డైరీలో రాసుకోండి. నెల తిరిగేసరికి ఏ రోజు ఎందుకు భారంగా గడిచిందో మీకే కనిపిస్తుంది.

వానలో పరుగు హాయి, ఒంటి మీద పడ్డ నీరు వేడిని లాగేస్తుంది. రాపిడి చోట్ల వాజలిన్ రాసుకుంటే చాలు. వాన వెలిసి ఎండ కాసిన గంట మాత్రం కష్టమైనది. ఉరిమితే ఆ పూటకు పరుగు ఆపేయాల్సిందే, చెట్టు కింద నిలబడకూడదు. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియదు కాబట్టి ఆ దారి వద్దు.

నీటి విషయంలో పెద్దవాళ్ళకు రెండు వైపులా ప్రమాదం ఉంది. వయసుతో దాహం మొద్దుబారుతుంది. ఒంట్లో నీరు తగ్గినా గొంతు అడగదు. అలాగని భయపడి ప్రతి స్టాల్ దగ్గరా గ్లాసుల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి అలా జరిగింది. నిదానంగా, ఐదారు గంటలు దారిలో ఉండేవారికే ఇది ఎక్కువ. దీనికి మంచి సాధనం బరువు చూసే మిషను. పరుగుకు ముందూ తర్వాతా తుడుచుకుని బరువు చూసుకోండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. కొంచెం తగ్గడం సహజం, పెరిగితే మాత్రం ఎక్కువ తాగేశారు. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన పలచటి మజ్జిగ చక్కటి పానీయం. బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వాడేవారు నీరు, సోడియం రెండూ కోల్పోతారు. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి హార్ట్ రేట్ లెక్కలు పనిచేయవు. వీటిని సొంతంగా ఆపకుండా, మారథాన్‌కు సిద్ధమవుతున్నామని డాక్టరుకు చెప్పి అడగాలి. మోకాలి నొప్పికని పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు కిడ్నీలకు చేటు. దయచేసి మానేయండి.

పరుగులో వచ్చే వడదెబ్బను గుర్తుపట్టడంలో చాలామంది పొరబడతారు. చర్మం పొడిగా ఉంటేనే వడదెబ్బ అనుకుంటారు. రన్నర్‌కు చెమట కారుతూనే వడదెబ్బ తగలవచ్చు. అసలు గుర్తు మనిషి ప్రవర్తన: తూలడం, పొంతనలేని మాటలు, కారణం లేని కోపం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏటా ఆగస్టులో ఫాల్మత్ రోడ్ రేస్ జరుగుతుంది. పద్దెనిమిదేళ్ళ పందేల్లో వడదెబ్బ తగిలిన 274 మందిని అక్కడి వైద్యులు వెంటనే ఐసు నీళ్ళ టబ్బులో ముంచారు. ఒక్కరూ చనిపోలేదు. చల్లబరిచాకే ఆసుపత్రికి తరలించడం వారి పద్ధతి. మన పందేల నిర్వాహకులు కూడా మెడికల్ టెంట్లలో ఐసు టబ్బులు తప్పక పెట్టాలి. ఆదివారం లాంగ్ రన్‌లో మీ పక్కన పరుగెత్తే పెద్దాయన ఫ్లైఓవర్ మీద తూలుతూ తన ఇంటి వీధి పేరు చెప్పలేకపోతే, అక్కడే ఆపి, నీడకు చేర్చి, చేతికి దొరికిన నీళ్ళన్నీ ఆయన ఒంటి మీద పోసి విసరండి; 108కి ఫోన్ ఇంకొకరిని చేయమనండి.