కాడి దించే ముందు

చిరంజీవులు శ్రావ్యకు, కార్తీక్‌కు, మీతో పాటు ఆ మైదానానికి వచ్చే పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

శ్రావ్యా, ఆగస్టు 29న ధ్యాన్‌చంద్ జయంతి నాడు నల్లగొండలో మీ అన్న వాళ్ల కాలేజీలో జరిగిన సభ గురించి నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి నీ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. "తాతా, హాకీ సార్ రిటైరయ్యేది వచ్చే ఏడు కదా, ఆయన జాగాలో ఎవరు రావాలని ఇప్పుడే అందరి ముందు మాట్లాడుకోవడం ఏమిటి? సార్ అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నారు. మనిషి ఇంట్లో ఉండగానే ఆయన మంచం ఎవరికని అడిగినట్టు లేదా?" అన్నావు. ఆ చివరి మాట పధ్నాలుగేళ్ల పిల్ల సొంతంగా అనే మాట కాదు, మీ అమ్మమ్మ దగ్గర పట్టుకుని ఉంటావు. ఫోనులో జవాబు మొదలుపెట్టాను గాని, నేను మా బావి దగ్గరికి చేరేసరికే నీ ఫోనులో చార్జింగ్ అయిపోయింది. అందుకే ఈ ఉత్తరం. దీనికి చార్జింగ్ అవసరం లేదు కనుక ఆ బావి దగ్గరి నుంచే మొదలుపెడతాను.

నాకు పదేళ్లప్పుడు మన ఊళ్లో కరెంటు మోటార్లు లేవు, మోట ఉండేది. మోట అంటే తోలుతో కుట్టిన పెద్ద బొక్కెన. దానికి కట్టిన మోకు బావి గట్టు మీది గిలక మీదుగా వచ్చి ఎడ్ల కాడికి చేరుతుంది. బావి గట్టు నుంచి పొలం వైపు వాలుగా తవ్విన దారిలో ఎడ్లు కిందికి నడిస్తే బొక్కెన పైకి వచ్చి తొట్టిలో నీళ్లు గుమ్మరిస్తుంది. ఇంతవరకు ఏ ఎద్దైనా చేస్తుంది. చిక్కంతా తర్వాతనే ఉంది, ఎందుకంటే ఖాళీ బొక్కెన మళ్లీ బావిలోకి దిగాలంటే ఎడ్లు ఆ వాలు దారిలో వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గట్టు దాకా ఎక్కాలి. ముందుకు నడవడం ఎద్దుకు పుట్టుకతో వస్తుంది, వెనక్కి నడవడం ఎవరో ఒకరు నేర్పితే గాని రాదు. అదీగాక బొక్కెన నీటిని తాకి, ఒరిగి, నిండేదాకా కదలకుండా నిలబడాలి. మోకు మెత్తబడి మళ్లీ బిగిసే ఆ క్షణాన్ని మెడతోనే తెలుసుకోవాలి. మా నాయిన ఆ క్షణాన్ని నాకు మాటల్లో చెప్పబోయి రెండుసార్లు ఓడిపోయి, చివరికి నా అరచేతిని మోకు మీద పెట్టి ఊరుకున్నాడు.

ఒక ఎండాకాలం మా పెద్ద ఎద్దు ఉన్నట్టుండి చనిపోయింది. దాని జోడు అప్పటికే ముసలిదై కుంటుతోంది. నాయిన అప్పు చేసి దేవరకద్ర అంగడిలో కొత్త జత కొనుక్కొచ్చాడు. రెండూ బలమైనవే, చూడముచ్చటైనవే, కాని రెండింటికీ మోట కొత్త. వెనక్కి నడవమంటే పక్కకు తిరిగేవి, ఆగమంటే లాగేవి. బొక్కెన బావి రాళ్లకు కొట్టుకుని మూడో రోజే చినిగింది. చెప్పులు కుట్టే పెద్దమనిషి పక్క ఊరి నుంచి వచ్చి తోలు అతికేసరికి వారం దాటింది, ఆ వారంలో మిరప చేను వాడిపోయింది. అమ్మ వాడిన మొక్క ఒకదాన్ని పీకి తెచ్చి, ఏమీ అనకుండా, వాకిట్లో నాయిన పడుకునే మంచం కోడుకు ఆనించి పెట్టింది.

ఆ మొక్క చేసిన పనో ఏమో, ఆ తర్వాత నాయిన పద్ధతి మార్చాడు. ఆ జతలో దాపట, అంటే కాడికి ఎడమ పక్కన, నడిచే ఎద్దు బాగా పని నేర్చి, ఊళ్లో పేరు తెచ్చుకుని, ఇంకా నాలుగేళ్లు నిక్షేపంగా పనిచేయగల వయసులో ఉండగానే ఒక కోడెను తెచ్చి దాని పక్కన ఎలపట కట్టాడు. ముందు వాగు ఇసుకలో మొద్దు లాగించాడు, తర్వాత దుక్కిలో కట్టాడు, అన్నిటి తర్వాతనే మోటకు తెచ్చాడు. మొదటి రోజు ఆ కోడె వెనక్కి నడవనని మొరాయిస్తే నాయిన ముల్లుగర్ర ఎత్తలేదు. పెద్దెద్దు తన మానాన తాను వెనక్కి అడుగు వేసింది, కాడి ఒకటే గనుక కోడె మెడ కూడా దానితో పాటు వెనక్కి జరిగింది, మెడ జరిగాక కాళ్లు జరగక తప్పలేదు. సాయంత్రానికి కోడె ఒళ్లంతా చెమట, పెద్దెద్దు మాత్రం నెమరు వేస్తూ నిలబడింది. ఊళ్లోవాళ్లు "మంచి ఎద్దుండగా కోడె ఎందుకు, దీన్ని అమ్ముతావా ఏంది?" అని అడిగారు, సరిగ్గా నువ్వు అడిగినట్టే. అప్పుడు నాయిన అన్న మాట నాకు గుర్తుంది: "ఇది ఉన్నప్పుడే కదా అది నేర్చేది."

నేను ఒక పోలికకు కాడి కట్టానంటే దించడం చేతకాదని మీ అమ్మమ్మ ఫిర్యాదు. నిజమే. అయినా ఇంకొంచెం దూరం తోలనివ్వండి.

2025 జనవరిలో మేము అమెరికాలో మీ పెద్దమామ దగ్గర ఉన్నప్పుడు, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా అనే ఊళ్లో కోర్నెల్ విశ్వవిద్యాలయం మంచు హాకీ ఆటకు తీసుకుపోయాడు. మన హాకీలో పదకొండు మంది ఆడితే అందులో ఒక్కో జట్టుకు ఆరుగురే. బంతికి బదులు నల్లటి రబ్బరు బిళ్ల ఉంటుంది, అది ఎక్కడుందో ఆట అయిపోయేదాకా నాకు ఒక్కసారి కూడా సరిగా కనిపించలేదు. ఎదుటి జట్టు ఆటగాళ్ల పేర్లు పిలుస్తుంటే అక్కడి విద్యార్థులందరూ వార్తాపత్రికలు ముఖానికి అడ్డం పెట్టుకుని, మీ సంగతి మాకేం పట్టిందన్నట్టు చదువుతూ కూర్చుంటారు. అది వెక్కిరింత అని మామ చెప్పేదాకా, పత్రికలు చదివే యువత ఇంకా మిగిలి ఉన్నందుకు నేను సంతోషిస్తూనే ఉన్నాను.

అక్కడి కోచ్ పేరు మైక్ షేఫర్. తాను చదువుకుని ఆడిన కాలేజీకే 1995లో కోచ్‌గా వచ్చి ముప్పై సీజన్లు నడిపాడు. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగికి 61 నిండగానే ఇంటికి పంపే నియమం ఉన్నట్టు అక్కడి కోచ్‌లకు లేదు, ఎప్పుడు దిగాలో వాళ్లే తేల్చుకోవాలి. ఆయన 2024 జూన్‌లో, రాబోయే సీజన్ తర్వాత తాను దిగిపోతానని, తన తర్వాత కేసీ జోన్స్ వస్తాడని ముందే ప్రకటింపజేశాడు. ఈ జోన్స్ కూడా కోర్నెల్‌లో ఆడినవాడే, షేఫర్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, తర్వాత క్లార్క్‌సన్ అనే మరో విశ్వవిద్యాలయం జట్టుకు 13 సీజన్లు ప్రధాన కోచ్‌గా ఉన్నవాడు. అంతటి మనిషి ఆ పెద్ద కుర్చీ వదిలి వచ్చి ఒక ఏడాది పాటు షేఫర్ పక్కన రెండో స్థానంలో నిలబడ్డాడు. మామ ఈ సంగతి చెప్పగానే నేను "ఎలపట" అన్నాను, వాడికి అర్థం కాలేదు.

అలా ఒక ఏడాది ముందే చెప్పడం ఎందుకు? అక్కడి పిల్లలు ఏ కాలేజీలో ఆడతారో ఒకటి రెండేళ్ల ముందే మాట ఇస్తారు. ఆ మాట కాలేజీ భవనాలను చూసి ఇచ్చేది కాదు, కోచ్ ముఖం చూసి ఇచ్చేది. పదిహేడేళ్ల పిల్లవాడు నీ మాట నమ్మి, ఊరు వదిలి, అమ్మానాన్నలను ఒప్పించి వచ్చేసరికి నువ్వు కనిపించకపోతే అది వాడిని మోసం చేసినట్టే అవుతుంది. నేను లేకపోయినా ఇదిగో ఇతను ఉంటాడని మనిషిని చూపించి మరీ వెళ్లాలి.

ఇక కథ చివర విను. ఆ ఏడాది 2025 మార్చిలో వాళ్ల ప్రాంతీయ లీగ్ ఫైనల్ లేక్ ప్లాసిడ్‌లో జరిగింది. కోర్నెల్‌కు ఎదురుగా వచ్చిన జట్టు ఏదనుకున్నావు? క్లార్క్‌సనే, జోన్స్ పదమూడేళ్లు పెంచి వదిలి వచ్చిన జట్టు. కోర్నెల్ 3-1తో గెలిచింది. ఆ తర్వాత జాతీయ పోటీల్లో మొదటి ఆట గెలిచి, రెండో ఆటలో బోస్టన్ విశ్వవిద్యాలయం చేతిలో అదనపు సమయంలో 3-2తో ఓడిపోయింది, షేఫర్ కోచింగ్ అక్కడితో ముగిసింది. గెలుపుతో ముగిస్తే సినిమాలా ఉండేదని మామ బాధపడ్డాడు. నాకు మాత్రం, ఓడిన రాత్రి బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లలకు తర్వాత ఎవరు అన్న భయం ఒకటి లేకపోవడమే పెద్ద సంగతిగా తోచింది.

అందరూ ఇలాగే చేశారని కాదు. బోస్టన్ కాలేజీ కోచ్ జెర్రీ యార్క్ మూడు కాలేజీల్లో కలిపి 1,123 ఆటలు గెలిచి, 2022లో 76 ఏళ్ల వయసులో, సీజన్ ముగిశాక తప్పుకున్నాడు. ఆయన జాగాలోకి గ్రెగ్ బ్రౌన్ వచ్చాడు, అతను అంతకుముందు యార్క్ పక్కన పద్నాలుగేళ్లు పనిచేసి బయటికి వెళ్లినవాడే. కాడి పక్కపక్కన లేకపోయినా సాలు తెలిసిన ఎద్దు దొరికిందన్నమాట. మిషిగన్ స్టేట్ కోచ్ రాన్ మేసన్ సంగతి ఇంకా విచిత్రం. 2002లో కోచింగ్ మానేసి అదే విశ్వవిద్యాలయంలో క్రీడా విభాగం మొత్తానికి పెద్ద అయ్యాడు. తన జాగాలోకి వచ్చిన రిక్ కామ్లీకి అప్పుడు తానే పై అధికారి అయ్యాడు. నాగలి దించిన రైతు గట్టు మీద కూర్చుని, కొత్తవాడు దున్నే ప్రతి సాలునూ చూస్తుంటే ఎలా ఉంటుందో మన ఊళ్లో నేను చాలాసార్లు చూశాను కాబట్టి, కామ్లీ మీద నాకు జాలి వేసింది. అయితే ఆయన తట్టుకుని నిలబడి 2007లో జట్టును జాతీయ విజేతగా చేశాడు.

ఇక మన సంగతి. మన దగ్గర విడ్డూరం ఏమిటంటే, ఉద్యోగి దిగిపోయే తేదీ ఆయన చేరిన నాడే సర్వీసు పుస్తకంలో దాదాపు రాసిపెట్టి ఉంటుంది. ప్రభుత్వం 2021లో 58ని 61 చేసినప్పుడు మూడేళ్లు జరిగింది గాని, అది మాత్రం అందరికీ తెలిసే జరిగింది. పండుగ ఏ రోజు వస్తుందో క్యాలెండరులో చూసుకుంటాం గాని ఈ తేదీని ఎవరూ చూడరు. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆటల సార్ పదవీ విరమణ చేసిన నాడు శాలువాలు కప్పారు, లడ్డూలు పంచారు, స్టోరు గది తాళం చెవి అటెండరు చేతికి ఇచ్చారు. ఆ గది తలుపు మళ్లీ తెరిచింది రెండేళ్లకు, అప్పటికి కర్రలకు చెదలు పట్టాయి. ఆ సభలో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను కనుక ఎవరి మీదా నింద వేయను.

స్టోరు తాళం ఇవ్వడం సులువే, శ్రావ్యా. మీ సార్ దగ్గర ఉన్న మిగతావి ఎలా ఇస్తారు? పొద్దున అయిదున్నరకు ఆట మొదలయ్యే ముందు ఆ ఎర్రమట్టి మైదానంలో ఏ మూల నీళ్లు ఎక్కువ చల్లాలో ఆయనకు తెలుసు. ఎవరు అన్నం తినకుండా వస్తారో తెలుసు, ఎవరిని అందరి ముందు తిట్టవచ్చో, ఎవరిని పక్కకు పిలిచి తిట్టాలో తెలుసు. నిన్ను చీకటితో బయటికి పంపడానికి మీ అమ్మ మొదట ఒప్పుకోలేదని, సార్ స్వయంగా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, అరగంట మాట్లాడిన తర్వాతే సరేనందని మర్చిపోయావా? ఆ నమ్మకం మీ అమ్మ కాలేజీ మీద పెట్టలేదు, ఆయన మీద పెట్టింది. వచ్చే ఏడు ఎవరో కొత్త మనిషి వచ్చి, రేపు అయిదున్నరకు అమ్మాయిని పంపండి అంటే మీ అమ్మ పంపుతుందా? అదే కొత్త మనిషిని సార్ ఈ ఏడే వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిప్పితే అప్పుడు సంగతి వేరు. మోకు మీద అరచేయి పెట్టించడం అంటే నా లెక్కలో అదే. కాబట్టి సభలో ఆ మాట ఎత్తినవాళ్లు మంచం ఎవరికని అడగలేదమ్మా. నాకు తెలిసినంతలో ఆ మాట ముందు ఎత్తింది మీ సారే అయి ఉంటారు, మీ అన్నను అడిగి చూడు.

ఒక్క మాట తాతగా చెబుతాను, విసుక్కోకండి. కొత్త సార్ వచ్చాక "మా పాత సార్ ఇలా చేసేవారు కాదు" అని మొదటి వారంలోనే అనకండి. ఆ మాట మోసుకుని పాత సార్ ఇంటికి అసలే పోకండి. ఆయన్ను చూడాలనిపిస్తే పోండి, ఆట గురించి అడగండి, ధ్యాన్‌చంద్ గురించి అడగండి. ధ్యాన్‌చంద్ 1956లో సైన్యం నుంచి విరమించాక కూడా పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో హాకీ నేర్పుతూనే ఉన్నారు, కనుక మీ సార్ కర్ర కూడా అటక ఎక్కుతుందని నేను అనుకోను.

మా కోడెకు వెనక్కి నడవడం వచ్చిన రోజు పెద్దెద్దు ఏం చేసిందో చెప్పాలని ఉంది గాని, చెబితే కల్పించానంటారు. దాని బదులు మీరే ఒక పని చేయండి. వచ్చే నెల నుంచి ఆ కాలేజీ పాత విద్యార్థి ఒకరు సార్‌కు తోడుగా వస్తారన్నావు కదా. ఆయన వచ్చిన మొదటి వారం నువ్వు, కార్తీక్ అయిదున్నరకు కాక అయిదుంబావుకే వెళ్లి గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చోండి. ఎవరు మైదానంలో నీళ్లు చల్లుతున్నారో, ఈల ఎవరి మెడలో ఉందో, కొత్తాయన పిల్లలకు ఏదైనా తప్పుగా చెప్పినప్పుడు సార్ చేతులు ఏం చేస్తున్నాయో చూసి, ఉన్నది ఉన్నట్టు నాకు రాయండి.

మీ తాత