ఒక్క బొంత కింద ఆరుగురం

బుజ్జమ్మా, పెద్దోడా,

మీరు ఫోన్లో పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మొదటిసారి బుజ్జమ్మ ప్రశ్న కోసం. తర్వాత రెండుసార్లూ వెనకాల జరుగుతున్న గొడవ కోసం. "తాతయ్యా, కొబ్బరి నూనె రాయిలా అయిపోయింది, ఎందుకు?" అని ఇది అడుగుతోంది. "బస్సు వచ్చేస్తోంది, ముందు కూర్చో, జడ వెయ్యాలి" అని మీ అమ్మ కేకలు. "అది కల్తీ నూనె తాతయ్యా, పారేయమను" అని పెద్దోడి తీర్పు. మీ నాన్న గొంతు ఎక్కడా వినిపించలేదు. దుప్పట్లోంచి ఇంకా బయటికి వచ్చి ఉండడు.

ముందు కల్తీ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే నాకు కాస్త రోషం వచ్చింది. ఆ సీసా పంపింది నేనే. మన పెరటి చెట్ల కాయలు అటక మీద నెలల తరబడి ఎండి కురిడీలయ్యాక, అంబాజీపేట వైపు గానుగకి తీసుకెళ్ళి, అక్కడే బల్ల మీద కూర్చుని ఆడించాను. 100 కిలోల ఎండుకొబ్బరి ఆడిస్తే 60 కిలోల పైచిలుకు నూనె దిగుతుంది, మిగతాది చెక్క. అది పశువులకి. నూనె పేరుకోవడం కల్తీకి గుర్తు కాదురా పెద్దోడా. ఆ మాటకొస్తే వణికే చలిలో కూడా జారుతూనే ఉండే కొబ్బరి నూనె కనిపిస్తే, నేను సీసా వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదువుతాను, ఇందులో ఇంకేం కలిపారో అని. అలాగని పేరుకున్నదల్లా మంచిదనీ కాదనుకో.

కొబ్బరి నూనెకి ఒక గీత ఉంది. సుమారు 24 డిగ్రీలు. అంతకన్నా వెచ్చగా ఉంటే నీళ్ళలా పారుతుంది, చల్లబడితే పేరుకుంటుంది. మీ హైదరాబాదులో ఈ పుష్యమాసం రాత్రిళ్ళు 15 డిగ్రీల దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతోంది. కోనసీమలో మాకు అంత చలి లేదు గానీ, తెల్లవారుజామున 24కి కిందే ఉంటుంది కాబట్టి మా సీసా కూడా పేరుకుంది. మీ నాయనమ్మ నిన్న దాన్ని కొంగులో చుట్టి చంకలో పెట్టుకుని తిరిగింది, పిల్లి పిల్లని మోసినట్టు.

బుజ్జమ్మ అడిగింది ఇది కాదు. ఎందుకు అని అడిగింది. దానికి నా చిన్నప్పటి పక్క గురించి చెప్పాలి.

మా ఇంట్లో పిల్లలం ఆరుగురం. నేను, మా చెల్లి, పెదనాన్న పిల్లలు నలుగురు. ధనుర్మాసం వచ్చిందంటే వసారాలో వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద చాప వేసి, ఆరుగురినీ వరసగా పడుకోబెట్టి, పైన ఒకటే బొంత కప్పేవారు. ఆ బొంత పాత చీరలు నాలుగైదు పొరలు వేసి మా నాయనమ్మ కుట్టింది. ఒక మూల ఎర్ర జరీ అంచు ఉండేది, అది బుగ్గకి గీసుకునేది. ఆ మూల ఎవరికి రావాలన్నది రోజూ తగువే. ఎండాకాలం మాత్రం ఇదే పిల్లలం అరుగు మీద ఒకడు ఈ చివర, ఒకడు ఆ చివర. ఒకరి చెయ్యి ఒకరికి తగిలితే యుద్ధం. రాత్రంతా దొర్లుతూనే ఉండేవాళ్ళం.

నూనెలో కూడా పిల్లలు ఉంటారనుకోండి. కంటికి కనపడనంత సన్నని పోగులు. వేడిగా ఉన్నప్పుడు ఆ పోగులు అరుగు మీద పిల్లల్లాగే కుదురుగా ఉండవు, దొర్లుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. అలా కదులుతున్నాయి కాబట్టే నూనె పారుతుంది. చలి పెరిగేకొద్దీ అల్లరి తగ్గుతుంది. తగ్గి తగ్గి, ఒక వేళకి ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని పడుకుంటాయి. పడుకున్నాయంటే నూనె పేరుకున్నట్టే. (మేం దగ్గరికి జరిగింది చలికి తట్టుకోలేక. నూనె పోగులకి చలి బాధ లేదు. ఒకదాని మీద ఒకదానికి ఇష్టం ఎప్పుడూ ఉంది, వేడే దాన్ని సాగనివ్వదు. పెద్దోడు ఈ తేడా పట్టుకుంటాడని ముందే చెప్పేస్తున్నాను.)

మరి వంటింట్లో వేరుశెనగ నూనె, నువ్వుల నూనె కూడా అదే చలిలో ఉన్నాయి కదా, అవెందుకు పేరుకోలేదు? ఇక్కడే మా పెదనాన్న మూడో కొడుకు కథలోకి వస్తాడు.

మిగతా అయిదుగురం కర్రల్లా తిన్నగా పడుకునేవాళ్ళం. వాడు మాత్రం మోకాళ్ళు ముడుచుకుని, ముడుచుకున్న మోకాలు పక్కవాడి వీపులో పొడిచి పడుకునేవాడు. తిన్నగా ఉన్నవాళ్ళు ఒకరికొకరు ఆనుకుని ఇట్టే సర్దుకుంటారు. వంకరగా పడుకున్నవాడి చుట్టూ మాత్రం సందు మిగులుతుంది. ఆ సందులోంచి చలిగాలి దూరి వరసంతా అటూ ఇటూ జరగడమే, ఎవరికీ నిద్ర ఉండదు. అలాంటివాడు ఒక్కడుంటే మేం ఎలాగో సర్దుకున్నాం. ఆరుగురిలో అయిదుగురు అలాంటివాళ్ళే అయితే ఆ వరస కుదిరేదేనా?

కొబ్బరి నూనెలో 100 పోగులు తీస్తే సుమారు 90 తిన్ననివి. పైగా పొట్టివి. నువ్వుల నూనెలోనూ వేరుశెనగ నూనెలోనూ లెక్క తిరగబడుతుంది. నూటికి 80, ఆ పైన నడుం దగ్గర వంగినవే. వాటిని సర్దాలంటే మన ఊరి చలి చాలదు. నెయ్యిలో తిన్నటి పోగులు బాగా ఉన్నాయి, అందులో పొడుగువి ఎక్కువ. అందుకే అది కొబ్బరి నూనె కన్నా ముందే పేరుకుంటుంది, కరగడానికీ ఎక్కువ వేడి అడుగుతుంది. మీ నాన్న ముద్దపప్పులో నెయ్యి కరగలేదని విసుక్కున్నప్పుడు ఈ మాట చెప్పండి.

అన్నట్టు, మన వాళ్ళు నీళ్ళు గడ్డకట్టాయి అంటారు, నెయ్యీ నూనే పేరుకున్నాయి అంటారు. రెంటికీ ఒకే మాట వాడొచ్చు, ఎందుకు వాడలేదో! పేరుకోవడం అనే మాటలో తొందర లేదు. మీరూ ఒక రాత్రి సీసా దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. ముందు అడుగున సన్నని మబ్బు పడుతుంది. ఆ మబ్బు పైకి పాకుతుంది. పొద్దున చూస్తే తెల్లగా, వెన్నలా ఉంటుంది. అద్దంలా కనిపించే పటికబెల్లం ముక్కని దంచితే తెల్లపొడి అవుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. చిన్న చిన్న పలుకులు బోలెడు చేరి వెలుతుర్ని తిన్నగా పోనివ్వవు.

ఇంతవరకూ రాశాను గనక నా ఘనకార్యం కూడా రాసేస్తాను. మీ అమ్మ చదివే ముందు మీరే చదవండి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. భోగి తెల్లవారుజాము. వీధిలో అప్పుడే మంట వేసేశారు, పిడకల దండలు పట్టుకుని అందరూ పరుగు. తలకి నూనె పెట్టుకోనిదే గుమ్మం దాటకూడదని నాయనమ్మ ఆన. సీసాలో నూనె గట్టిగా ఉంది. మామూలుగా చీపురుపుల్లతో కెలికి కొంచెం కొంచెం తీసేవాళ్ళం. నాకు అంత ఓపిక లేదు. పొయ్యి మీద తలంటు నీళ్ళు సలసలా కాగుతున్నాయి. గాజు సీసాని తిన్నగా అందులో ముంచాను. టప్పుమని చప్పుడు. సీసా మెడ నా చేతిలో ఉంది, మిగతాది అడుగున ఉంది, నూనె ముద్దగా పైకి తేలి, చూస్తుండగానే కరిగి నీళ్ళ మీద పసుపు రంగు వలయాల్లా పరుచుకుంది.

గాజు పెంకులున్నాయని ఆ నీళ్ళతో ఎవరినీ పోసుకోనివ్వలేదు. కాగు మొత్తం ఎత్తి పెరట్లో కొబ్బరిచెట్టు పాదులో ఒంపేశారు. మా తాతగారు "ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోయింది" అని ఊరుకున్నారు. నాయనమ్మ ఊరుకోలేదు. నూతి దగ్గర చన్నీళ్ళు చేదతో తోడి నా నెత్తిన గుమ్మరించింది. భోగి మంట దగ్గరికి నేను వెళ్ళేసరికి నిప్పులే మిగిలాయి. వణుకుతూ వాటి దగ్గర నిలబడితే, మోకాళ్ళు ముడుచుకునే ఆ అన్నయ్యే తన కండువా తీసి నా తలకి చుట్టాడు. వాణ్ణి ఎన్నిసార్లు మోచేత్తో పొడిచానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తే ముందు వాడికే చేస్తాను.

కాబట్టి మరిగే నీళ్ళ జోలికి పోవద్దు. గ్యాస్ పొయ్యి జోలికి అసలే వద్దు. పళ్ళు తోముకోవడానికి వెళ్ళేటప్పుడు మగ్గులో గోరువెచ్చని నీళ్ళు పోసి సీసాని అందులో నిలబెట్టండి, జడ వేళకి అంచులన్నా కరుగుతుంది. అమ్మకి పొద్దున్నే ఒక టెన్షన్ తగ్గుతుంది. ఇంకా సుళువు, మూతి వెడల్పాటి డబ్బాలోకి మార్చెయ్యండి. వేలితో తీసి అరచేతిలో వేసుకుని రుద్దుకుంటే చాలు. మన ఒళ్ళు 37 డిగ్రీలు, నూనె గీత 24. చేతిలో పడ్డది ఎంతసేపు ఆగుతుంది? బుజ్జమ్మా, మీ అమ్మ చేతులు పొద్దున పూట చల్లగా ఉంటాయి, గిన్నెలు కడిగిన చేతులు కదా. నూనె నువ్వే కరిగించి ఇవ్వు.

ఇప్పుడు ఒక పని. పేరుకున్న సీసా మూత తీసి పైనుంచి చూడండి. మధ్యలో చిన్న గుంట ఉంటుంది. ఆరుగురం దగ్గరికి జరిగి పడుకుంటే చాప మీద చోటు మిగిలేది కదా, అదే ఆ గుంట. పోగులు సర్దుకుని పడుకున్నాయి, నూనె కుంచించుకుపోయింది. ఇక్కడిదాకా నా బొంత బాగానే సరిపోయింది.

కానీ ఫ్రిజ్‌లో ఐస్ ట్రే తీసి చూస్తే నీళ్ళు గుంట పడలేదు సరికదా, పైకి ఉబ్బి ఉంటాయి. నీళ్ళూ చల్లబడ్డాయి, అవీ సర్దుకున్నాయి. మరి చోటు మిగలాల్సింది పోయి ఇంకా ఎక్కువ చోటు కావాల్సి వచ్చిందేం? నా బొంత ఇక్కడ చాల్లేదు. ఎటు లాగినా ఒక కాలు బయటే ఉంటోంది.

అందుకని ఈ ఆదివారం అమ్మని అడిగి రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదాన్లో నీళ్ళు పోసి ఐసు ముక్క వెయ్యండి. రెండోదాన్లో కరిగిన కొబ్బరి నూనె పోసి, పేరుకున్న నూనె ముద్ద ఒకటి, గోలీకాయంత, మెల్లిగా జారవిడవండి. ముద్దలో గాలి బుడగలు లేకుండా చూసుకోండి. ఐసు ఏం చేస్తుందో మీకు తెలుసు. నూనె ముద్ద ఏం చేసిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పండి. నేను చెప్పను. పెద్దోడు ముందే ఒక మాట అనేస్తాడు, వాడు అన్నది ఒక కాగితం మీద రాయించి, అప్పుడు వెయ్యండి.

భోగికి వస్తారు కదా. రేగుపళ్ళు మన చెట్టువే ఉన్నాయి. బొంత ఇంకా ఉంది. జరీ అంచు ఊడిపోయింది.

ఇట్లు,
మీ తాతయ్య