వాటా పోయి విరాళం మిగిలింది

పర్యాటకం వల్ల ఊరికి ఒరిగిందేమిటన్న ప్రశ్న ములుగు ఏజెన్సీలో మళ్లీ ముందుకొచ్చింది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన సంగతి, వానాకాలంలో బొగత జలపాతానికి బండ్లు బారులు తీరే సంగతి తెలిసినవే. ఈ ప్రశ్నకు మూలం వాటికంటే వెనకాల, 1997 జులై 11న ఉంది.

ఆ రోజు సుప్రీంకోర్టు, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు చెప్పింది. బొర్రా గుహల దగ్గరి గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదన్న మాటే అందరికీ గుర్తుంది. అందులోనే ఇంకో మాట ఉంది. లీజులు నడిచేచోట నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి. దాంతో నీళ్లు, బడులు, ఆసుపత్రులు ఏర్పాటు చేయడమే కాదు, వాటి నిర్వహణ కూడా చూడాలి. అదంతా వ్యాపారంలో భాగమేనంది కోర్టు. చెప్పింది గనులకే అయినా, ఊరి వనరుతో బతికే వ్యాపారం ఊరికి వాటా పెట్టాలన్న సూత్రం అందులో ఉంది. అంతకు ముందు ఏడాదే షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకోసం పెసా చట్టం వచ్చి, ఊళ్లో చేపట్టే పనులకు గ్రామసభ ఆమోదం ఉండాలంది.

2014 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టం కింద సీఎస్సార్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, అమలైంది. నికర లాభం 5 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నెట్‌వర్త్ 500 కోట్లు... వీటిలో ఏ ఒక్కటి దాటినా, మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వమంది గానీ, గ్రామసభను అడగమనలేదు. ఏమివ్వాలో కంపెనీ బోర్డు తేలుస్తుంది. 20 శాతం వాటా ఊసు పోయి 2 శాతం విరాళం మిగిలింది. నిర్వహణ మాట జారిపోయింది.

ఫలితం గూడేల్లో కనిపిస్తుంది. ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది కాబట్టి కంపెనీలిచ్చే బడి సంచులు మార్చిలో వస్తాయి. ఏప్రిల్‌లో బడికి సెలవులు, అవసరం పడేది జూన్‌లో. సోలార్ దీపం బ్యాటరీ మూడు నాలుగేళ్లకు పోతుంది. కొత్తది ఎవరు కొనాలో రాసి ఉండదు, స్తంభం మాత్రం నిలబడి ఉంటుంది. నీళ్ల ప్లాంటుదీ అంతే: ఫిల్టర్లు మార్చక, కరెంటు బిల్లు కట్టక తాళం పడుతుంది. ఊరివాళ్లకు చూసుకోవడం రాదనే మాట ఇక్కడే పుడుతుంది. డబ్బులివ్వకుండా చూసుకొమ్మనడం అన్యాయం.

చిన్న రిసార్టులవాళ్లు తమకు ఆ చట్టం వర్తించదంటారు, అది నిజమే. అయినా తమంతట తామే వాటా పెట్టొచ్చు, లెక్క చిన్నదే. 30 గదులు, ఏడాది పొడుగునా సగం నిండినా 5,475 గది-రాత్రులు. గదికి రాత్రికి 20 రూపాయలు బిల్లులోనే విడిగా చూపిస్తే 1,09,500 రూపాయలవుతాయి. అందులో నాలుగో వంతు నిర్వహణకు కదపకుండా ఉంచాలి. మిగతాది దేనికో గ్రామసభ తీర్మానం చేశాకే ఖర్చు పెట్టాలి. తీర్మానం నకలు పంచాయతీ కార్యదర్శి దగ్గర తీసుకుని, డబ్బు బ్యాంకు ద్వారానే పంపి, జమాఖర్చులు రిసెప్షన్ గోడకు అంటించాలి.

యాత్రికులు పిల్లల చేతికి చాక్లెట్లు, నోట్లు ఇవ్వొద్దు. బడి మాని రోడ్డు మీద నిలబడే అలవాటు దానితోనే మొదలవుతుంది. బడికి ఇవ్వాలనుకుంటే హెడ్మాస్టరును ముందే అడగండి. ఏ తరగతికి ఏ రూళ్ల నోటుబుక్కు కావాలో ఆయనకే తెలుసు. సంస్థకిచ్చే నగదు 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలోనైతే అసలే లేదు. విదేశీయులిచ్చే విరాళాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. కానుకలు కొనాలంటే వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్ల దగ్గరే, పెంబర్తిలో ఇత్తడి పనివాళ్ల దగ్గరే కొనండి.

మేడారం జాతరకు వెళ్తే, గుడారం వేసిన పొలం ఎవరిదో అడిగి కిరాయి ఆ రైతు చేతిలోనే పెట్టండి. వచ్చేటప్పుడు కవర్లు, సీసాలు ఏరి బండిలో వేసుకోండి. జాతరయ్యాక దున్నేటప్పుడు ట్రాక్టరు కల్టివేటరు పళ్లకు చుట్టుకునేవి ఆ కవర్లే.