చుట్ట పొగ, చంటిబిడ్డ నిద్ర

ధవళేశ్వరం దాటాక గోదావరి పాయలుగా చీలి మధ్యలో లంకలు వేస్తుంది. ఆ ఒండ్రులో పండే లంక పొగాకుకు చుట్టల వ్యాపారంలో పెద్ద పేరు. కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థను 1947లో రాజమండ్రిలోనే పెట్టారు. ఇలాంటి చోట పొగాకు గురించి నోరెత్తితే ‘మా నాయనమ్మ ఎనభై ఏళ్లు వచ్చేదాకా చుట్ట కాల్చింది, ఏమైంది?’ అంటారు. ఆ నాయనమ్మ ఎంతమంది పసిబిడ్డల్ని పోగొట్టుకుందో మాత్రం ఎవరూ చెప్పరు.

రాత్రి పాలు తాగి పడుకున్న బిడ్డ తెల్లారేసరికి లేవదు. జ్వరం లేదు, దగ్గు లేదు. గాలి సోకిందంటారు, పక్షి దోషమంటారు, మరీ అన్యాయంగా తల్లే నిద్రలో మీద ఒరిగిందంటారు. ఏడాదిలోపు బిడ్డ ఇలా పోయాక పోస్టుమార్టం చేసినా, పడుకున్న చోటు పరిశీలించినా, ఆరోగ్య వివరాలు తిరగేసినా కారణం దొరక్కపోతే వైద్యులు దాన్ని ఆకస్మిక శిశు మరణం అంటారు. రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య ఇవి ఎక్కువ. మన ఊళ్లలో చంటిబిడ్డకు పోస్టుమార్టం చేయించేవాళ్లు అరుదు. కాబట్టి ఆ పేరు రికార్డుల్లోకి ఎక్కడమూ అరుదే.

నిద్రలో బిడ్డ ముక్కు దిండులోనో దుప్పటిలోనో కూరుకుపోతే వదిలిన గాలినే మళ్లీ పీలుస్తుంది. ఒంట్లో ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మామూలుగా మెదడు అడుగున ఉండే మెదడు కాండం ఈ తేడాను పసిగట్టి బిడ్డను లేపేస్తుంది. బిడ్డ ఎగశ్వాస తీసి, తల పక్కకు తిప్పి, కేర్‌మంటుంది. ఈ అలారం తల్లి కడుపులోనే తయారవుతుంది. పొగాకు నుంచి తల్లి రక్తంలో చేరిన నికోటిన్, బిడ్డకు తిండీ గాలీ అందించే మాయను తేలిగ్గా దాటిపోతుంది. ఊపిరినీ గుండెనూ మెలకువనూ నడిపే నాడీకణాలు ఇంకా అమరుతుండగానే వాటి మీద సంకేతాలు అందుకునే గ్రాహకాలకు అంటుకుని ఆ అమరికను చెడగొడుతుంది. ఇలా చనిపోయిన బిడ్డల్లో చాలామందికి మెదడు కాండంలో నాడీకణాల మధ్య సంకేతాలు మోసే సెరొటోనిన్ వ్యవస్థలో లోపాలు కనిపించాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరే. అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుని, బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్‌కు గండి కొడుతుంది.

అలారం బలహీనమైనంత మాత్రాన ప్రతి బిడ్డా పోదు. పుట్టుకతో వచ్చిన లోపం, ఆ రెండు నాలుగు నెలల గడ్డు వయసు, బోర్లా పడుకోవడంలాంటి బయటి కారణం, మూడూ ఒకేసారి కలిస్తేనే ముప్పని ఫిలియానో, కిన్నీ అనే పరిశోధకులు 1994లో వివరించారు.

అమెరికాలో 2007–2011 మధ్య పుట్టిన సుమారు 2 కోట్ల మంది బిడ్డల వివరాలతో 2019లో ఒక అధ్యయనం వచ్చింది. కడుపుతో ఉండగా తల్లి రోజుకు ఒక్క సిగరెట్ కాల్చినా బిడ్డకు ఇలాంటి మరణం ముప్పు రెట్టింపయింది. కాల్చే సంఖ్య పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది. చివరి మూడు నెలలకల్లా మానేసినవాళ్లలో, మానకుండా కాల్చినవాళ్లతో పోలిస్తే, అది 23 శాతం తక్కువ.

మన దగ్గర కడుపుతో ఉన్న ఆడవాళ్లు సిగరెట్ కాల్చడం తక్కువే. అందుకే ఇదంతా మనది కాదులే అనుకుంటాం. కానీ కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు ఉండే గదిలోకే అరుగు మీది తాతగారి చుట్ట పొగ వస్తుంది. ఖైనీలో పొగ లేకపోయినా నికోటిన్ ఉంది. తడి పొగాకు కోసేవాళ్లకు కళ్లు తిరిగి వాంతులయ్యేది కూడా చర్మం గుండా దిగిన నికోటిన్ వల్లే. నెలలు నిండుతున్న మనిషికి ‘కూర్చుని చేసే పనేగా’ అని ఆకు పని చెప్పడం నాకు ఏమాత్రం నచ్చదు.

పుట్టాక కూడా ఇంట్లో పొగ ముప్పు పెంచుతుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం మంచిది. పాలు పొలమారతాయని పెద్దవాళ్లు భయపడతారు గానీ, వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం ఆహారనాళానికి పైన ఉంటుంది, కక్కిన పాలు అందులోకి ఎక్కడం కష్టం. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా అక్కర్లేదు. చుట్టో బీడీయో తాగే అలవాటున్నవాళ్లు, వీధిలో కాల్చి వచ్చినా సరే, బిడ్డను తమ పక్కలో పడుకోబెట్టుకోకూడదు. మానాలనుకుంటే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది.